కుదిరిన అలవాటు ఎందుకు చెడింది? లడ్డూ సంగతి

ప్రశ్న: మేం నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఉంటాం. ఏప్రిల్ నెలాఖరులో మా వీధి చివర దొరికిన ఇండీ (మన నాటు రకం) కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పేరు లడ్డూ. ఇప్పుడు వాడికి నాలుగున్నర నెలలు. మొదట్లో బాల్కనీలో న్యూస్‌పేపర్ పరిస్తే దాని మీద మూత్రం పోయడానికి తొందరగానే అలవాటు పడ్డాడు. జూన్ అంతా ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. టీకాలన్నీ అయ్యాయని ఈ నెల మొదట్లో పేపర్లు తీసేసి కిందికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి అంతా తారుమారైంది. కింద అరగంట తిప్పినా ఏమీ చేయడు. పైకి వచ్చి తలుపు తీయగానే హాల్లో పోసేస్తాడు. డోర్‌మ్యాట్లు, బెడ్‌రూమ్ కార్పెట్, నిన్న దేవుడి గది ముందు పట్టా కూడా అయిపోయింది. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఆయన కాళ్ళ దగ్గరే పోస్తాడు. ఆయనకు కోపం వచ్చి, వాడి ముక్కు అందులో ఆనించి, పేపర్ చుట్టి కొడుతున్నారు. తప్పు చేశానని వాడికీ తెలుసు, చెవులు వెనక్కి పెట్టి మూలకు పోతాడు. అయినా మళ్ళీ అదే పని. నాకు వారంలో రెండు రోజులు ఆఫీసు. ఆ రోజుల్లో ఇంట్లో అత్తయ్య ఒక్కరే ఉంటారు. రాత్రిపూట వాడికి ప్రేమగా పాలు పోసేదీ ఆమే, పొద్దున్నే తడిసిన పట్టా చూసి ‘ఎక్కడైనా వదిలేసి రండి’ అనేదీ ఆమే. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. వాడు కావాలనే చేస్తున్నాడా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: కావాలని చేయడం లేదు. ముందు ఆ అనుమానం తీసేయండి, మీ ఆయన మనసులోంచి కూడా తీసేయండి.

లడ్డూ నేర్చుకున్నది మరిచిపోలేదు. నేర్చుకున్నదే చేస్తున్నాడు. జూన్‌లో వాడికి తెలిసింది ఒక్కటే: బాల్కనీలో, నేల మీద పరిచిన పల్చటి మెత్తటి దాని మీద పోయాలి. ఇంట్లో ఎక్కడా పోయకూడదు అన్నది వాడికి ఎవరూ నేర్పలేదు. కుక్కపిల్లలు నేర్చుకునేది ఎక్కడ పోయాలో. ఎక్కడ పోయకూడదో అన్నది చాలా నెమ్మదిగా, గది తర్వాత గదిగా అర్థమవుతుంది. మీరు పేపర్ తీసేశారు. ఇప్పుడు ఇంట్లో పేపర్‌లా ఉన్నవి ఏం మిగిలాయో మీ ఉత్తరంలోనే చూడండి. డోర్‌మ్యాట్, కార్పెట్, దేవుడి గది ముందు పట్టా. అన్నీ నేల మీద పరిచినవే, అన్నీ తడి పీల్చేవే. ఇల్లు మారిన కొత్తలో మనం చీకట్లో స్విచ్ కోసం పాత ఇంట్లో ఉన్న చోటే గోడ తడుముతాం. లడ్డూ కూడా అలాగే తడుముకుంటున్నాడు.

ఈ పట్టింపు వాడికి అంత బలంగా ఎందుకు పడిందంటే, కుక్కపిల్లలకు కాలి కింద ఏది తగిలితే ఒంటికి పోవాలన్న అలవాటు ఏడు నుంచి తొమ్మిది వారాల వయసులో బాగా స్థిరపడుతుంది. మీరు తెచ్చేసరికి లడ్డూది సరిగ్గా ఆ వయసు. వీధి మట్టి మీద పుట్టినవాడే అయినా, ఆ ముఖ్యమైన రోజుల్లో వాడి పాదాలకు తెలిసింది న్యూస్‌పేపర్. టీకాలు పూర్తి కాకుండా కింద తిప్పకుండా మీరు మంచి పనే చేశారు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, వీధికుక్కలు తిరిగే చోట చిన్నపిల్లను నడిపించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కాబట్టి బాల్కనీ పేపర్ తప్పు కాదు. ఒక్కరోజులో దాన్ని ఎత్తేయడం దగ్గరే లెక్క తప్పింది.

పైగా మీరు కిందికి దింపడం మొదలుపెట్టిన నెల ఏదో చూడండి, ఆషాఢం. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్, లాల్‌దర్వాజా అంటూ కాలనీ కాలనీకీ వస్తాయి. ఆదివారం వచ్చిందంటే డప్పులు, పోతరాజుల కొరడాల చప్పుడు, బండి మీద డీజే. దానికి తోడు వాన. ఐదో అంతస్తులో పెరిగిన పిల్లకు లిఫ్ట్ కొత్త, సెల్లార్‌లో బైకుల హారన్లు కొత్త, తడి నేల కొత్త, వీధికుక్కల వాసన కొత్త. బెదురుగా ఉన్న కుక్కపిల్ల మూత్రం బిగపట్టుకుంటుంది. చుట్టూ ఏం జరుగుతుందో చూసుకోవడంలోనే దాని ధ్యాసంతా ఉంటుంది. ఇంటి తలుపు తెరుచుకోగానే ప్రాణం కుదుటపడి, అప్పుడు వదిలేస్తుంది. మీకు మొండితనంలా కనిపించేది ఇదే.

ఇక పనిలోకి దిగే ముందు డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి. నెల క్రితం వరకు గంటల తరబడి ఆగిన పిల్ల ఒక్కసారిగా ఆగలేకపోతుంటే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోకుండా ఎంత ట్రైనింగ్ ఇచ్చినా వృథా. మాటిమాటికీ కొద్దికొద్దిగా పోయడం, ముక్కుతూ నిలబడటం, ఆ చోటును అదే పనిగా నాకడం, మూత్రంలో ఎరుపు, వింత వాసన, నిద్రలో తడిసిపోవడం, నీళ్ళు మామూలుకంటే ఎక్కువ తాగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపే వెళ్ళండి. ఇవేవీ లేకపోయినా ఈ వారంలో ఒక యూరిన్ పరీక్ష చేయించండి. శాంపిల్ పట్టడం కష్టమనుకోకండి. బాగా కడిగి ఆరబెట్టిన పొడవాటి గరిటె వెనక నుంచి మెల్లగా ధార కిందికి పెడితే సరిపోతుంది. పొద్దున మొదటిసారి పోసింది పట్టి, శుభ్రమైన సీసాలో పోసి, వీలైనంత తొందరగా అందించండి. ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. మీ దగ్గర్లోని క్లినిక్ సరిపోతుంది. ప్రభుత్వ ఆస్పత్రి కావాలంటే నారాయణగూడలోని పశువుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆస్పత్రి ఉంది. వెళ్ళినప్పుడే నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో చూపించి తర్వాతి డోసు అడగండి. ఆరు నెలలు వచ్చేదాకా సాధారణంగా నెలకోసారి వేస్తారు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఈ మాట ఆయన కూడా చదవాలని రాస్తున్నాను. ముక్కు అందులో ఆనించడం, కొట్టడం ఈ రోజుతో ఆపేయాలి. ఇది జాలి మాట ఒక్కటే కాదు, ఆ పద్ధతి అసలు పనిచేయదు. పోసి పది నిమిషాలయ్యాక కొడితే, ఆ దెబ్బకూ పోసినదానికీ సంబంధం వాడికి తెలియదు. పోస్తుండగా కొడితే వాడికి అర్థమయ్యేది ‘ఇంట్లో పోయకూడదు’ అని కాదు, ‘ఈ మనిషి ఎదురుగా పోస్తే ప్రమాదం’ అని. అప్పుడు ఏం చేస్తాడు? మీరు కింద వాడి మెడ బెల్టు తాడు పట్టుకుని పక్కనే నిలబడితే అసలు పోయడు. పైకొచ్చాక మీ కళ్ళు తప్పించి సోఫా వెనక, మంచం కింద పోస్తాడు. మీరు అరగంట తిప్పినా ఏమీ చేయకపోవడంలో ఈ దెబ్బల పాత్ర కూడా ఉందని నా గట్టి నమ్మకం.

చెవులు వెనక్కి పెట్టి మూలకు పోతాడు కాబట్టి తప్పు తెలుసంటున్నారు. అది తప్పు తెలిసిన ముఖం కాదు, మీ ముఖం చూసి భయపడిన ముఖం. దీని మీద అమెరికాలో కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ఒక మంచి ప్రయోగం ప్రచురించారు. తినవద్దని చెప్పి యజమాని గదిలోంచి బయటికి వెళ్తారు. తిరిగి వచ్చాక కుక్క తినేసిందని కొన్నిసార్లు నిజంగా, కొన్నిసార్లు అబద్ధంగా ఆయనకు చెప్తారు. కుక్కలు ఆ దొంగ ముఖం పెట్టింది తిన్నప్పుడు కాదు, తిట్టు పడినప్పుడు. ఏ తప్పూ చేయకుండా తిట్టు తిన్నవాటిలోనే ఆ ముఖం మరీ ఎక్కువగా కనిపించింది. లడ్డూ మూలకు పోయిన ప్రతిసారీ ఇది గుర్తు చేసుకోమని ఆయనకు చెప్పండి.

ఆయన రాగానే కాళ్ళ దగ్గర పోయడం వేరే విషయం. దాన్ని హాల్లో పోయడంతో కలిపి చూడకండి. ఒళ్ళు దగ్గరికి తీసుకుని, తోక కింద దోపుకుని, తల వంచి కొన్ని చుక్కలు వదిలితే అది ‘నేను చిన్నవాణ్ణి, నన్నేం చేయకు’ అని కుక్కలు చెప్పుకునే పద్ధతి. తోక తెగ ఊపుతూ వదిలితే అది సంతోషం పట్టలేక. రెండింటిలోనూ వాడి చేతిలో ఏమీ లేదు. తిట్టిన కొద్దీ ఎక్కువవుతుంది, ఎందుకంటే తిట్టే మనిషిని శాంతపరచడానికే వాడు అలా చేస్తున్నాడు. ఆయన ఇంట్లోకి వచ్చాక కాసేపు వాణ్ణి పట్టించుకోకూడదు. పలకరించకూడదు, కళ్ళలోకి చూడకూడదు, పైనుంచి వంగి తల నిమరకూడదు. బూట్లు విప్పి, నీళ్ళు తాగి, ఆ తర్వాత పక్కకు తిరిగి నేల మీద కూర్చుంటే లడ్డూనే దగ్గరికి వస్తాడు. అప్పుడు గదవ కింద నెమ్మదిగా నిమిరితే చాలు. ఎదిగే కొద్దీ చాలా పిల్లల్లో ఇది తగ్గిపోతుంది. ఇక ముందు లడ్డూకి తిండి పెట్టడం, కింద పోసినప్పుడు చేతిలో ముక్క పెట్టడం ఆయనే ఎక్కువగా చేస్తే ఆ భయం ఇంకా తొందరగా పోతుంది.

ఇల్లు చిన్నది చేయండి. నా జవాబంతటిలో ముఖ్యమైన మాట ఇదే. జూన్‌లో శుభ్రంగా ఉన్నాడని మీరు తలుపులన్నీ తెరిచేసి ఉంటారు, అందరూ చేసేదే. లడ్డూకి ఇల్లంటే వాడు పడుకునే, తినే చోటు మాత్రమే. బెడ్‌రూమ్ మూల వాడి దృష్టిలో ఇల్లు కాదు, దూరంగా ఉన్న ఖాళీ స్థలం. కాబట్టి మొదటి రోజు తెచ్చినట్టే మళ్ళీ మొదలుపెట్టాలి. హాల్లో బాల్కనీకి దగ్గరగా ఒక మూల, చిన్న కంచెలాంటి ప్లేపెన్, అందులో పక్క, నీళ్ళు, కొరుక్కునే బొమ్మ. ప్లేపెన్ కొనక్కర్లేదు, రెండు కుర్చీలు, ఒక అట్టముక్క అడ్డం పెట్టినా అవుతుంది. కంచె బయట ఉన్నంతసేపు ఎవరో ఒకరి కళ్ళముందే ఉండాలి. వంట చేస్తుంటే వాడి బెల్టు తాడు మీ నడుముకు కట్టుకోండి. చూడటం కుదరని సమయంలో కంచెలోకి. ఇది శిక్ష కాదు కాబట్టి వాణ్ణి కోపంగా తోయకుండా, లోపల ఒక ముక్క వేసి పిలవండి. రెండు వారాలు ఇంట్లో ఎక్కడా పడకపోతే ఇంకో గది తెరవండి. ఆ గదిలో వాడితో కూర్చోండి, ఆడండి, ఒక పూట అన్నం అక్కడే పెట్టండి. అప్పుడు అదీ ఇల్లే అని తెలుస్తుంది. మళ్ళీ పడితే ఆ గది మూసేయండి. ఎవరి మీదా కోపం అక్కర్లేదు.

డోర్‌మ్యాట్లు, కార్పెట్, దేవుడి గది పట్టా అన్నీ ఒక నెలపాటు చుట్టి అటక మీద పెట్టేయండి. దేవుడి గదికి తలుపు లేకపోతే ఒక అడ్డుచెక్క పెట్టండి. అత్తయ్యగారి బాధ నాకు అర్థమవుతుంది, మడి కట్టుకుని పూజకు వచ్చేసరికి అక్కడ తడి ఉంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆమెను ‘కుక్కపిల్లే కదా, సర్దుకోండి’ అని మాత్రం అనకండి. ఆ గది ముందు ఇక ఎప్పుడూ పడకుండా చూసే బాధ్యత మీరు తీసుకున్నారని అడ్డుచెక్క రూపంలో ఆమెకు కనిపించాలి.

కిందికి తీసుకెళ్ళే పద్ధతి మారాలి. తిప్పడం వేరు, ఒంటికి తీసుకెళ్ళడం వేరు. లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆడుకోవడం ఆపగానే, పడుకునే ముందు తప్పకుండా తీసుకెళ్ళాలి. మెలకువగా ఉంటే వీటి మధ్య కూడా రెండు గంటలకు మించకూడదు. నెలల వయసుకు ఒకటి కలిపితే అన్ని గంటలు ఆగగలడని ఒక మోటు లెక్క ఉంది. అది నిద్రలో ఉన్నప్పటి మాట, అదీ గరిష్ఠంగా. దాన్ని నమ్ముకుని పగలు ఐదు గంటలు వదిలేయకండి.

ఎత్తుకోగలిగితే లిఫ్ట్‌లో ఎత్తుకునే వెళ్ళండి, దారిలో పోయడు. సెల్లార్ దాటాక కాంపౌండ్ గోడ పక్కన మట్టి ఉన్న ఒక నిశ్శబ్దమైన మూల చూసుకోండి. రోజూ అదే మూల. అక్కడ నిలబడిపోండి. అటూ ఇటూ నడవకండి, ఫోన్ చూడకండి, ఊరికే పిలవకండి. ఐదు నుంచి పది నిమిషాలు. పోస్తే, ముగించిన మరుక్షణమే అక్కడే మెచ్చుకుని చేతిలో చిన్న ఉడికిన చికెన్ ముక్క పెట్టండి. ఇంటికి వచ్చాక పెడితే వాడు దాన్ని లిఫ్ట్ ఎక్కినందుకు ఇచ్చిన బహుమతి అనుకుంటాడు. పోసిన వెంటనే పైకి తెచ్చేయకండి. పోయగానే షికారు అయిపోతుందని తెలిస్తే బిగపట్టుకోవడం నేర్చుకుంటాడు. పోశాక కాసేపు తిప్పండి, అదే పెద్ద బహుమతి.

పోయకపోతే? అప్పుడు పైకి తీసుకురండి, కానీ హాల్లో వదలకండి. మీ అసలు సమస్య ఈ చోటే ఉంది. నేరుగా కంచెలోకో, మీ ఒడిలోకో. పదిహేను నిమిషాలాగి మళ్ళీ అదే మూలకు. మొదటి నాలుగు రోజులు చాలా విసుగు పుడుతుంది, లిఫ్ట్‌లో ఎక్కి దిగడమే పనవుతుంది. ఒక్కసారి కింద పోశాడంటే ఆ వాసనే తర్వాతి రోజు వాణ్ణి పిలుస్తుంది. ఆ మొదటిసారి తొందరగా రావడానికి ఒక కిటుకు. పాత అలవాటు ప్రకారం పేపర్ మీద పోసినప్పుడు, అందులో తడిసిన చిన్న ముక్క కవర్లో పెట్టుకుని కిందికి తెచ్చి ఆ మట్టి మీద పెట్టండి. తన వాసనా, తనకు తెలిసిన కాగితమూ కనిపిస్తే ధైర్యం వస్తుంది. పని అయ్యాక ముక్క తీసేయాలి.

దీనికోసం పేపర్లను మళ్ళీ తేవాలి. అవును, బాల్కనీని మళ్ళీ తెరవమంటున్నాను. ఐదో అంతస్తులో ఉంటూ, వారంలో రెండు రోజులు పెద్దావిడ మీద వదిలి వెళ్తూ, బాల్కనీని పూర్తిగా మానిపించాలనుకోవడం నాకు సరైన పనిగా తోచడం లేదు. రెండు చోట్లుంటే గందరగోళం కదా అని కొందరు ట్రైనర్లు అంటారు. చోట్లు రెండైనా కాలికి తగిలేది ఒకటే అయితే గందరగోళం ఉండదు. నర్సరీలో దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే తెచ్చి, మట్టి నింపి, పైన లాన్ గడ్డి ముక్క పరవండి. గడ్డి మీద మొదట మామూలుగా పేపర్, తర్వాత సగం పేపర్, తర్వాత అరచేయంత, తర్వాత ఏమీ లేదు. పేపర్ మీంచి గడ్డి మీదికి, గడ్డి మీంచి కింది మట్టి మీదికి వాడి పాదాలు నెమ్మదిగా మారతాయి. ట్రే అడుగు నుంచి కింది ఫ్లాట్ బాల్కనీలోకి నీళ్ళు కారకుండా చూసుకోండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవలు మొదలయ్యేది అక్కడే. గడ్డి వారం పది రోజులకోసారి మార్చాలి.

మీకు ఆఫీసు ఉన్న రోజుల్లో లడ్డూ కంచె, గడ్డి ట్రే ఉన్న బాల్కనీ, వీటి మధ్య మాత్రమే తిరగాలి. గ్రిల్‌లో సందులుంటే వల కట్టించండి, ఎండ తగలకుండా నీడ ఉండాలి. అత్తయ్యగారు కిందికి దిగాల్సిన అవసరం పెట్టకండి. అయితే ఒక చిన్న సాయం అడిగి చూడండి. పొద్దున ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే అయితే, స్నానానికి వెళ్ళకముందే కంచె తీసి లడ్డూని బాల్కనీలోకి వదలమనండి. రోజులో అతి ముఖ్యమైన సారి అదే, రాత్రంతా ఆగింది అప్పుడే వస్తుంది. గడ్డి మీద పోశాక ఆమే చిన్న బిస్కెట్ ముక్క వేస్తే, పట్టా తడవని ఉదయం ఆమె చేతి మీదుగా వస్తుంది. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, మీ ఆయన అలారం పెట్టుకుంటారు.

రాత్రి పాలు మాత్రం ఆపాలి. తల్లిపాలు మానేసిన వయసులో చాలా కుక్కపిల్లలకు ఆవుపాలు, గేదెపాలు సరిగా అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అరిగినా, పడుకోబోయే ముందు గిన్నెడు పాలు తాగిన పిల్ల తెల్లారేదాకా ఎలా ఆగుతుంది? ఆమె ప్రేమకు అడ్డం పడకుండా వేళ మార్చండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య పెట్టే అన్నం, గుడ్డు ఆమె చేత్తోనే పెట్టించండి. ఈ వయసులో రోజుకు మూడు పూటలు, వేళకు పెట్టి, పదిహేను నిమిషాల్లో గిన్నె తీసేయాలి. లోపలికి వెళ్ళే వేళ కుదిరితే బయటికి వచ్చే వేళ కుదురుతుంది. నీళ్ళు మాత్రం పగలు ఎప్పుడూ ఆపకండి. చాలామంది చేసే ఈ పని నాకు చాలా బాధగా ఉంటుంది. పడుకునే ముందు ఒక గంట గిన్నె పక్కకు పెడితే చాలు, ఎండాకాలంలో అదీ వద్దు.

తుడవడం గురించి. పోసిన చోటు ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకు శుభ్రమైనట్టే ఉంటుంది, వాడి ముక్కుకు పాత వాసన అలాగే ఉంటుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లయితే మూత్రం వాసనకు ఇంకొంచెం బలమిచ్చినట్టే. ఫినాయిల్ కుక్కల పాదాలకు, నాలుకకు మంచిది కూడా కాదు. పనిచేసే ఆమె అదే మాప్‌తో, అదే బకెట్ నీళ్ళతో ఇల్లంతా తుడిస్తే వాసన ఇల్లంతా పరిచినట్టవుతుంది. కాబట్టి పడిన చోట ముందు పాత పేపర్‌తో అద్ది తీసేయండి. తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు అలాగే ఉంచి, వేరే గుడ్డతో తుడవండి. టైల్స్ మధ్య సందుల్లో కూడా దిగాలి. టైల్స్ మీదైతే నీళ్ళు కలిపిన వెనిగర్ కూడా కొంత పనిచేస్తుంది. మార్బుల్ మీద, తాండూరు బండల మీద వెనిగర్ పోయకండి, యాసిడ్ తగిలితే ఆ రాళ్ళు మెరుపు పోయి మరకలు పడతాయి. బ్లీచింగ్ మూత్రం మీద వేయడం ఇంకా ప్రమాదం, రెండూ కలిస్తే ఊపిరి ఆడని వాయువు వస్తుంది.

మీ కళ్ళముందే పోస్తూ దొరికితే అరవకండి. ‘లడ్డూ, రా’ అని మామూలు గొంతుతో పిలిచి ఎత్తుకుని గడ్డి మీద దింపండి, మిగిలింది అక్కడ పోస్తే మెచ్చుకోండి. అయిపోయాక చూస్తే ఏమీ అనకుండా తుడిచేయండి. వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద వారం రోజులు ఏ వేళకు తిన్నాడు, ఎప్పుడు పోశాడు, ఎక్కడ పోశాడు రాయండి. మూడు నాలుగు రోజులకే మీకు కొన్ని వేళలు కనిపిస్తాయి. సాయంత్రం ఏడున్నరకు రోజూ హాల్లో పడుతోందని తెలిస్తే ఏడుంబావుకు కిందికి తీసుకెళ్తే సరిపోతుంది.

వాన రోజుల్లో తడి నేల మీద కాలు పెట్టడానికి ఒప్పుకోకపోతే గడ్డి ట్రేతోనే గడిపేయండి, పంతం వద్దు. సెల్లార్‌లో నిలిచిన నీళ్ళ దగ్గరికి మాత్రం పోనీయకండి. ఎలుకలు తిరిగే చోట ఆ నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ వచ్చే జబ్బే. వేసిన టీకాల్లో లెప్టో ఉందో లేదో కార్డు తీసుకెళ్ళి డాక్టర్‌ను అడగండి. కింద రెంటికి పోతే ఎత్తడానికి కవర్, ఒంటికి పోసిన చోట చల్లడానికి ఒక సీసా నీళ్ళు ఎప్పుడూ మీ చేతిలో ఉండాలి. ఇరుగుపొరుగువాళ్ళు నోరెత్తకముందే ఆ పని అయిపోవాలి. లిఫ్ట్‌లో కుక్కను ఎక్కించొద్దని ఎవరైనా అంటే, అసోసియేషన్లు అలా ఆపకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చిందని మర్యాదగా చెప్పండి.

‘వదిలేసి రండి’ అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. లడ్డూ వీధిలో పుట్టినా వీధిలో బతకడం వాడికి తెలియదు. ప్రతి గల్లీకీ దాని కుక్కలుంటాయి, కొత్తగా వచ్చిన నాలుగున్నర నెలల పిల్లను అవి ఉండనీయవు. ఆకలికీ దాహానికీ గురయ్యేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. అత్తయ్యగారికి చట్టం చెప్పి వాదించాల్సిన పని లేదు. కోపంలో అన్న మాట అది, రాత్రి పాలు పోసే మనిషి మనసులోది కాదు. ఒక నెల గడువు అడగండి. గడువు అడిగాక ఆ నెలంతా పైన చెప్పినట్టు తప్పకుండా చేయండి.

ఎంతకాలం పడుతుందని మీరు అడగలేదు కానీ తెలుసుకోవాలి. లడ్డూ వయసు పిల్లలు ఇలా సరిగ్గా పట్టుకుంటే రెండు మూడు వారాల్లో బాగా తేడా కనిపిస్తుంది. పూర్తిగా నమ్మదగ్గట్టు తయారవడం చాలా కుక్కల్లో ఆరు నెలలు నిండాక, ఏడాది లోపు. మధ్యలో ఇంకోసారి వెనక్కి వెళ్ళే అవకాశం ఉంది. ఆరేడు నెలలప్పుడు మగపిల్లలు కాలెత్తి సోఫా అంచుల మీద, గుమ్మాల మీద కొంచెం కొంచెం పోయడం మొదలుపెడతారు. అది వాసనతో గుర్తు వేసుకోవడం, ఈ సమస్య కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి.

అంతకంటే ముందు వినాయక చవితి వస్తుంది. మండపాల డీజేలు, నిమజ్జనం ఊరేగింపులు, ఆ తర్వాత దీపావళి టపాసులు. ఆ రోజుల్లో చప్పుడు మొదలవడానికి ముందే, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కిందికి తీసుకెళ్ళండి. సాయంత్రాలు కిటికీలు మూసి గడ్డి ట్రే మీదే పోనివ్వండి. దాన్ని ట్రైనింగ్ చెడినట్టు లెక్కపెట్టకండి. మొత్తం పండుగ అంతా బాల్కనీలోనే గడిచినా, ఊళ్ళో చప్పుడు తగ్గాక అదే మూలకు, అదే మట్టి దగ్గరికి మళ్ళీ తీసుకెళ్తే రెండు మూడు రోజుల్లో అందుకుంటాడు.